విశాఖ నుంచి కాఫీ కొండల్లోకి: రద్దీ లేని రోడ్డు సైకిల్ దారులు

కొత్తవలస కుర్రాడు
అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో వారంలో రెండు రోజుల సెలవుంది. అనంతగిరి, అరకు, పాడేరు కాఫీ తోటల మీదుగా రోడ్డు సైకిల్ మీద చుట్టి రావాలి. కార్ల వరసలో ఇరుక్కుని హారన్లు వింటూ కాదు, వీలైనంత నిశ్శబ్దంగా ఉండే దారిలో.
బండి: ముందు 50/34 పళ్లు, వెనక 11-28 పళ్లు, రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టేవి), 25 మి.మీ. టైర్లు (28 కూడా పడతాయి). మనిషి, సైకిల్, సామాను కలిపి 85 కిలోలు.
మూడు సందేహాలు. ఎటు ఎక్కి ఎటు దిగాలి? ఈ గేర్లు సరిపోతాయా? అవసరమైతే విశాఖ-కిరండూల్ రైలు బండిలో సైకిల్ వేసుకోవచ్చా?

గోస్తని
తమ్ముడూ, ముందు ఏ రోజో ఎంచుకో, తర్వాత ఏ రోడ్డో. డిసెంబర్, జనవరి శని ఆదివారాల్లో ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అరకు దాకా ఏ కిలోమీటరూ ఖాళీగా ఉండదు. అదే రోడ్డు మంగళ, బుధవారాల్లో పొద్దున్న వేరేగా ఉంటుంది. టూరిస్టు బళ్లు నగరంలో టిఫిన్లు ముగించుకుని బయల్దేరతాయి కాబట్టి ఘాట్ మొదటికి వచ్చేసరికి తొమ్మిదీ పదీ అవుతుంది. అప్పటికి నువ్వు టైడా దాటి ఉంటే చాలు.

దూరాలు: నగరం నుంచి పెందుర్తి, కొత్తవలస, ఎల్.కోట మీదుగా ఎస్.కోటకి సుమారు 55 కి.మీ. అక్కణ్ణుంచి అరకుకి ఇంకో 60. ఎస్.కోట దాటాక బొడ్డవర, కాశీపట్నం వరకు దాదాపు చదునే. ఆ తర్వాత ఎక్కుడు మొదలై టైడా, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా వదలదు. గాలికొండ దగ్గర రోడ్డు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. అది దాటితే సుంకరిమెట్ట మీదుగా అరకు లోయలోకి దిగుడే ఎక్కువ. అంటే రోజు మొత్తం కష్టం మధ్యలో ముప్పై నలభై కిలోమీటర్లలో ఉంది. కాళ్లు దానికోసం దాచుకోవాలి, పెందుర్తి రోడ్డు మీద కార్లతో పందెం వేసి పోగొట్టుకోకూడదు.

పెందుర్తి దాకా లారీల గోల వద్దనుకుంటే ఇంకో దారుంది. బీచ్ రోడ్డున భీమిలి, అక్కణ్ణుంచి పద్మనాభం, జామి మీదుగా ఎస్.కోట. పదిహేను ఇరవై కిలోమీటర్లు ఎక్కువ. కానీ ఇది గోస్తని నదికి ఎదురెళ్లే దారి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయరులో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఏరు ఇదే. సముద్రం ఒడ్డున తెల్లవారుజామున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆ నది పుట్టిన కొండ మీద ఉండటం సైకిల్ తొక్కేవాళ్లకి మాత్రమే దొరికే సంగతి. పల్లె రోడ్లు సన్నం, స్పీడ్ బ్రేకర్లకి రంగు ఉండదు, చీకట్లో నెమ్మదిగా వెళ్లు.

బొర్రా గురించి ఒక మాట. గుహలు మెయిన్ రోడ్డుకి బాగా కింద ఉన్నాయి. దిగినంతా మళ్లీ ఎక్కాలి. అరకు చేరాల్సిన రోజున ఆ చీలిక జోలికి వెళ్లకు.

చైన్‌లింక్
గేర్ల సంగతి లెక్కతో చెప్తాను, "సరిపోతాయి, సరిపోవు" అనే మాటతో లాభం లేదు.
34 ముందు, 28 వెనక: పెడల్ ఒక చుట్టుకి చక్రం 1.21 చుట్లు. 28 టైరుతో నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 9.3 కి.మీ. ఎనిమిది శాతం వాలున్న మలుపులో 85 కిలోలతో ఆ వేగం నిలబెట్టాలంటే సుమారు 190 వాట్లు కావాలి. వెనక 34 వేస్తే అదే 60 చుట్లకి వేగం 7.7, పవర్ 155 చిల్లర. ఈ ముప్పై అయిదు వాట్ల తేడా అయిదు నిమిషాలకైతే పెద్ద విషయం కాదు. మూడు గంటల ఘాట్ మీద మాత్రం మోకాలి చిప్ప కింద నొప్పిగా తేలుతుంది. వాట్లు లేనివాడు 60 చుట్లు తిప్పలేక 45కి పడిపోతాడు, ఒక్కో తొక్కుడుకీ బలం ఎక్కువ వేస్తాడు, అక్కడే మోకాలు పోతుంది.

కాబట్టి 11-34 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేయించండి. కానీ క్యాసెట్ ఒక్కటే కొంటే పని అవ్వదు. పొట్టి కేజ్ వెనక డిరైలర్లు (చైన్ని పళ్ల చక్రాల మధ్య జరిపేవి, కేజ్ అంటే వాటి కింద వేలాడే చట్రం) చాలావరకు 28 లేదా 30 పళ్ల దాకానే తీసుకుంటాయి. మీది పొట్టిదైతే పొడుగు కేజ్‌ది మార్చాలి. చైన్ కూడా పాతది సరిపోదు. కొలత ఇలా: డిరైలర్‌లోంచి కాకుండా చైన్‌ని నేరుగా ముందు 50, వెనక 34 మీద చుట్టి, రెండు కొసలు కలిసే చోటుకి రెండు లింకులు కలపాలి. పొట్టి చైన్‌తో ఎవరైనా పొరపాటున 50-34 వేశారా, డిరైలర్ విరిగి స్పోకుల్లోకి పోతుంది.

అయ్యాక ఎల్ స్క్రూ (డిరైలర్ లోపలికి ఎంతదాకా జరగాలో ఆపేది) తప్పకుండా సరిచూడండి. ఘాట్‌లో గాభరాగా చివరి గేరుకి తోసేటప్పుడు చైన్ పెద్ద పళ్ల చక్రం దాటి స్పోకుల మీద పడేది ఈ స్క్రూ వదులైతేనే. బండిని తలకిందులు చేసి, అతి పెద్ద పళ్లలో పెట్టి, డిరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టి చూడండి. కదిలితే స్క్రూ బిగించాలి. హ్యాంగర్ (డిరైలర్ని ఫ్రేముకి తగిలించే ముక్క) కొంచెం వంగి ఉన్నా ఇదే జరుగుతుంది, స్క్రూతో దాన్ని కప్పిపుచ్చలేరు.

పాడేరు కాడ
గోస్తని గారు చెప్పింది బాగుంది గానీ అరకుతో ఆగిపోతే ఎలగండీ. ఆ కుర్రాడు అడిగింది నిశ్శబ్దం. అది అరకు దాటాకే ఉంది. అరకు, డుంబ్రిగుడ, చాపరాయి, హుకుంపేట, పాడేరు. ఈ నలభై అయిదు కిలోమీటర్లలో పెద్ద ఎక్కుడు లేదు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. చాపరాయి దాకా కార్లుంటాయి, అక్కడితో వాళ్లు వెనక్కి తిరిగిపోతారు.

పాడేరు నుంచి మాడుగుల దిగే ఘాట్ రోడ్డు కూడా కాఫీ తోటల మధ్యనే. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం తీగ, నీడలో కాఫీ. నవంబర్ నుంచి జనవరి దాకా పండు కోత. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ పంట అరకులోనే కాదు, ఏజెన్సీ మండలాలన్నిటా ఉంది.

రోడ్డు మీద ఏటి చూసుకోవాలంటే: కోతల కాలంలో జనం వడ్లు, చోళ్లు (రాగులు), గింజలు తారు మీదే ఆరబోస్తారు. పట్టా అంచు మీదకి చక్రం ఎక్కితే జారతాది. గింజల మీద బ్రేకు వేస్తే మరీను. ముందే వేగం తగ్గించి పక్కనుంచి నడిపించుకెళ్లండి, అది వాళ్ల ఏడాది కష్టం. కాఫీ పండు ఎర్రగా కనపడిందని తెంపకండి. తోటలోకి వెళ్లాలంటే అక్కడున్న మనిషిని అడగండి. కాదనేవాళ్లు తక్కువ, అడక్కపోతే మాత్రం మనసు కష్టపెట్టుకుంటారు. సంత రోజున జీపులు, ఆటోలు పొద్దుటి నుంచే తిరుగుతాయి. ఏ ఊరి సంత ఏ రోజో బస చేసే చోట ముందే కనుక్కోండి.

నామట్టుకు నేను తిప్పి చెప్తాను. మాడుగుల వైపు ఎక్కి, అనంతగిరి వైపు దిగాలి.

గోస్తని
పాడేరు కాడ గారూ, తిప్పడం దేనికో చెప్పండి. అనంతగిరి వైపు పొద్దున్నే ఎక్కితే బళ్లకి ముందుంటాడు. మర్నాడు పాడేరు ఘాట్ దిగుతాడు. రెండు రోజులూ రద్దీకి దూరమే కదా.

పాడేరు కాడ
రద్దీ కాదండీ, రోడ్డు వెడల్పు. పాడేరు ఘాట్ సన్నం, మలుపులు ముడుచుకుని ఉంటాయి. ఎదురుగా ఆర్టీసీ బస్సు ఎక్కుతుంటే ఎడమ మలుపులో మన వైపుకి వచ్చి తీరాలి, లేకపోతే దానికి తిరగదు. అక్కడ ఎక్కేవాడి వేగం ఎనిమిది, పక్కకి ఆగిపోతాడు. దిగేవాడి వేగం ముప్పై, రిమ్ బ్రేకులు. ఎవరికి ముప్పు? అందుకే సన్నదారి ఎక్కాలి, వెడల్పు దారి దిగాలి.

బ్రేకు శాస్త్రి
ఈ విషయంలో పాడేరు కాడ గారి పక్షమే. కారణం ఇంకొకటి కలుపుతాను.
85 కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 830 కిలోజౌళ్లు. అది గాలిలోకైనా పోవాలి, బ్రేకుల్లో వేడిగానైనా పోవాలి. అయిదు శాతం వాలులో బ్రేకు పట్టుకునే గంటకి 20 కి.మీ. మీద దిగితే గాలి తీసుకునేది చాలా తక్కువ, మీటరుకి 30 జౌళ్లు బ్రేకుల్లోకే. అదే 35 మీద దిగితే గాలి ఎక్కువ లాక్కుంటుంది, బ్రేకుల వాటా మీటరుకి 15 జౌళ్లకి పడిపోతుంది. భయపడి నెమ్మదిగా, వదలకుండా పట్టుకుని దిగేవాడి రిమ్మే ఎక్కువ కాలుతుందన్నమాట. వెడల్పు దారిలో తిన్నగా ఉన్నచోట వదిలి, మలుపుకి ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయడం వీలవుతుంది. సన్న దారిలో ఎదుట ఏముందో కనపడదు కాబట్టి పట్టుకునే ఉండాలి.

వేడి పెరిగితే ఏమవుతుంది? రిమ్ వేడి ట్యూబుకి చేరి లోపల ఒత్తిడి పెరుగుతుంది, బలహీనంగా ఉన్న అతుకు దగ్గర పేలుతుంది. అతుకులు వేసిన ట్యూబు ముందు చక్రంలో పెట్టుకుని ఘాట్ దిగొద్దు, కొత్తది వేయండి. కార్బన్ రిమ్ములైతే ఈ దిగుడుకి అసలు వద్దు. డిస్కులున్నవాళ్లకి ట్యూబు భయం లేదు గానీ రెసిన్ ప్యాడ్లు బాగా వేడెక్కితే పట్టు సడలుతుంది. లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వస్తోందంటే ఆగాలి.

రిమ్ బ్రేకు ప్యాడ్లు విప్పి చూడండి. రబ్బరులో మెరిసే లోహపు ముక్కలుంటే సూదితో పీకేయండి, అవే రిమ్‌ని గీకి గాడి చేసేవి. పైభాగం గాజులా నున్నబడితే ఉప్పుకాగితంతో రుద్దండి. గాడులు కనపడనంత అరిగితే మార్చడమే.

మంచు తేమకి తడిసిన రిమ్ మీద మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు పట్టదు. మలుపుకి చాలా ముందే ఒకసారి మెల్లగా తాకించి నీళ్లు తుడుచుకోవాలి.

గోస్తని
రిమ్ బ్రేకుల లెక్క ఒప్పుకుంటున్నాను. అయితే దిశ మారితే గడియారం కూడా మారుతుంది. రెండో రోజు అరకులో తెల్లారగానే బయల్దేరి తొమ్మిదిలోపు కాశీపట్నం దిగిపోవాలి. ఆలస్యమైతే నగరం నుంచి ఎక్కే కార్లు ఎదురొస్తాయి, ఓవర్‌టేక్ చేసేవాళ్లు మన వైపుకి వస్తారు. డిసెంబర్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అరకు నుంచి గాలికొండ దాకా ఎక్కుడు ఉందని మర్చిపోకు, దానికి సమయం పెట్టుకో. పొగమంచు ఉంటే ఆరున్నరకి కూడా వెలుతురు రాదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించే ఉంచు.

మొదటి రోజు దారి: పెందుర్తి, సబ్బవరం, చోడవరం, మాడుగుల, పాడేరు. మొత్తం 110 కి.మీ. పైమాటే. చోడవరం చుట్టుపక్కల చెరకు కాలం అది. ట్రాక్టర్లు, లారీలు అంచుల దాకా నింపుకెళ్తాయి, రాలిన గడలు రోడ్డు మీద ఉంటాయి. చెరకు గడ మీద ఏటవాలుగా చక్రం ఎక్కితే పడ్డట్టే. లారీ వెనకాలే దగ్గరగా పోవద్దు.

చోడంబలి
తిండి ఎవరూ చెప్పలేదు. ఎక్కుడులో గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మధ్యరకం అరటిపళ్లు రెండు తింటే 50 గ్రాములు దగ్గరికి వస్తుంది. 50 గ్రాముల బెల్లం అచ్చు కూడా దాదాపు అంతే. జేబులో అనకాపల్లి బెల్లం, నువ్వులుండలు పెట్టుకుంటే కొనుక్కునే జెల్ అక్కర్లేదు. ఆకలి వేశాక తింటే అప్పటికే ఆలస్యం. ప్రతి అరగంటకీ కొంచెం.

నీళ్లు గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. చల్లగా ఉంది కదా అని మానేస్తారు, అదే తప్పు. చోడవరం దాకా ఉక్కపోతలో చెమట పోతుంది, కొండ ఎక్కాక చలికి దాహం తెలియదు. రెండు సీసాలు: ఒకటి ఉత్త నీళ్లు, ఒకటి ఓఆర్‌ఎస్. పొట్లం మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నీ పోయాలి, చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది. మాడుగులలో సీసాలు నింపుకుని ఘాట్ మొదలుపెట్టాలి.

చోడంబలి దొరికితే ఎక్కుడుకి ముందు ఒక గ్లాసు తాగండి, కడుపు బరువెక్కదు. మాడుగుల హల్వా రుచి చూడాల్సిందే గానీ నెయ్యి ఎక్కువ, ఘాట్ ముందు చిన్న ముక్కే. బొంగు చికెన్ బస చేరాకే.

కొత్తవలస కుర్రాడు
చాలా మేలు చేశారు. రాసుకున్నది ఇది, తప్పుంటే దిద్దండి. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి చోడవరం, మాడుగుల, పాడేరు ఘాట్ ఎక్కి పాడేరులో బస. బుధవారం పాడేరు నుంచి అరకు, అదే రోజు అనంతగిరి దిగి ఇంటికి. క్యాసెట్ 11-34, పొడుగు కేజ్, కొత్త చైన్. 28 టైర్లలో 100 పీఎస్‌ఐ.

గోస్తని
బుధవారం లెక్క కుదరదు. పాడేరులో తెల్లారి బయల్దేరితే అరకు చేరేసరికే తొమ్మిది దాటుతుంది, అనంతగిరి దిగేది మధ్యాహ్నం కార్ల మధ్య. రెండు మార్గాలు. శక్తి ఉంటే మొదటి రోజే అరకు దాకా వెళ్లి పడుకో. 155 కి.మీ., ఘాట్‌తో కలిపి. డిసెంబర్లో సాయంత్రం అయిదున్నరకే పొద్దు వాలుతుంది, పాడేరు ఒంటిగంటలోపు దాటకపోతే ఆ ఆలోచన మానేయాలి. లేదంటే పాడేరులోనే ఆగి, బుధవారం నిదానంగా అరకు వెళ్లి, అక్కణ్ణుంచి రైలెక్కు.

కిరండూల్ బండి పొద్దున్న విశాఖలో బయల్దేరి మధ్యాహ్నానికి ముందే అరకు చేరుతుంది, తిరుగు బండి రాత్రికి విశాఖ వస్తుంది. సైకిల్ పెట్టెలోకి ఎక్కించనివ్వరు. టికెట్టు చూపించి లగేజీగా బుక్ చేస్తే బ్రేక్ వ్యానులో వేస్తారు. విశాఖలో పార్సిల్ ఆఫీసు ఉంది కాబట్టి చిక్కు లేదు. అరకు చిన్న స్టేషను, బండి ఎక్కువసేపు ఆగదు. ముందే స్టేషన్ మాస్టర్‌ని కలిసి వీలవుతుందో లేదో అడిగి, అప్పుడే ఆ పథకం వేసుకో. పెడళ్లు విప్పి, హ్యాండిల్ తిప్పి కట్టి, డిరైలర్ వైపు అట్టముక్క చుట్టు. చైన్ వైపు కింద పెట్టి దాని మీద మూటలు వేస్తే హ్యాంగర్ వంగుతుంది.

బ్రేకు శాస్త్రి
100 పీఎస్‌ఐ వద్దు. నీ బరువుకి 28 టైరులో వెనక 75, ముందు 68 దగ్గర మొదలుపెట్టు. పాడేరు, అరకు మీదుగా పోయే 516ఈ జాతీయ రహదారి విస్తరణ జరిగిన చోట్ల కంకర, దుమ్ము మిగిలి ఉంటాయి. రాయిలా బిగిసిన టైరు కంకర మీద ఎగురుతుంది, ఎగిరినప్పుడు బ్రేకూ పట్టదు, మలుపూ తిరగదు. మరీ తగ్గించినా గుంత అంచుకి ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. బొటనవేలితో నొక్కి చూసేది లెక్క కాదు, గేజీ ఉన్న పంపుతో కొట్టు.

ఎక్కేటప్పుడు ఎడమ మలుపుల్లో లోపలి అంచు అన్నిటికన్నా నిట్టనిలువు. అంచుని పట్టుకుని వెళ్తే అక్కడే కాలు నేలకి ఆనుతుంది. వెనక ఎవరూ లేరని చూసుకుని ఒక మీటరు బయటికి జరిగి తిరిగితే వాలు తగ్గుతుంది. అయితే రోడ్డు మధ్యకి మాత్రం పోవద్దు.

పాడేరు కాడ
ఇంకొకటి బాబూ. పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర అందరూ ఆగుతారు, బస్సులు కూడా. ఆగితే రోడ్డు మలుపులో కాదు, లోపలికి జరిగి ఆగు. చలికోటు అక్కడే సంచిలోంచి తీయక్కర్లేదు, పైకి వెళ్లి ఆగినప్పుడు వెంటనే తొడుక్కో. చెమటతో తడిసిన చొక్కా మీద పాడేరు గాలి తగిలితే అయిదు నిమిషాల్లో వణుకు పుడతాది. దిగేరోజు చేతికి గ్లౌజులు తప్పకుండా. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు లీవరు ఎంత నొక్కుతున్నావో నీకే తెలీదు.

ఘాట్‌లో ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే దింపుకో, చిల్లర నోట్లు ఉంచుకో. రాత్రి బసలో దోమతెర ఉందో లేదో చూడు, ఏజెన్సీలో మలేరియా ఉంది.

ఒళ్లు సహకరిస్తే డుంబ్రిగుడ చుట్టుపక్కల వలిసె పూలు చూడు. డిసెంబర్ రెండో వారానికి పసుపు చాలావరకు తగ్గిపోతుంది, ఆలస్యంగా వేసిన చేలల్లో మిగిలి ఉండొచ్చు.

కొత్తవలస కుర్రాడు
మొదటి రోజు పాడేరులోనే ఆగుతాను. అరకు స్టేషన్లో రైలు సంగతి తేలకపోతే ఇంకో రోజు సెలవు పెట్టి, గురువారం తెల్లారి అనంతగిరి దిగుతాను. పంక్చర్ సామాను: ట్యూబులు రెండు, అతుకులు, టైర్ లీవర్లు, చిన్న పంపు, చైన్ టూల్, క్విక్ లింక్. ఇంకేమైనా?

చైన్‌లింక్
మూడు కలపండి. ఒకటి, మీ ఫ్రేముకి సరిపోయే డిరైలర్ హ్యాంగర్. అది ఒక్కో ఫ్రేముకి ఒక్కోలా ఉంటుంది, దారిలో ఏ కొట్లోనూ దొరకదు. రెండు, ఇత్తడి వాల్వ్ అడాప్టర్. మీ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వ్. ఊళ్లలో సైకిల్ షాపు పంపు దానికి పట్టదు, ఈ చిన్న వస్తువు లేక పంపు పక్కనే నిలబడిపోతారు. లారీ టైర్ల షాపులో గాలి పట్టించుకోవాల్సి వస్తే చిన్న చిన్న విడతలుగా పట్టమనండి. ఆ కంప్రెసర్ సన్న ట్యూబుని క్షణాల్లో పేల్చేస్తుంది. మూడు, పాత టైరు లోంచి కోసిన రెండంగుళాల ముక్క. లారీ టైర్లు చిరిగి రాల్చిన సన్న తీగలు ఈ రోడ్ల మీద ఎక్కువ. టైరు పక్కగోడ చిరిగితే ట్యూబు మార్చినా బయటికి ఉబ్బి వస్తుంది, లోపల ఈ ముక్క పెడితే ఇంటికి చేరతారు. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేళ్లతో తడమండి, తీగ అక్కడే ఉంటే రెండో ట్యూబూ పోతుంది.

కొత్త చైన్, కొత్త క్యాసెట్ బయల్దేరే ముందురోజు వేయించకండి. కనీసం వారం ముందు వేయించి, ఒకసారి సింహాచలం ఘాట్ ఎక్కి 34 పళ్ల మీద గట్టిగా తొక్కి చూడండి. కొత్త కేబుల్ మొదటి యాభై వంద కిలోమీటర్లలో కొంచెం సాగుతుంది, గేర్లు టకటకమని దాటుతుంటే బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిచేసే మర) పావు చుట్టు బయటికి తిప్పండి. అప్పటికీ ఆగకపోతే హ్యాంగర్ చూపించుకోండి.